గర్భసంచి క్యాన్సర్ ఆపరేషన్ తర్వాతి ముప్పై రోజులు: మరణాల రేటు వెనుక ఉన్న లెక్క

"డాక్టరుగారూ, ప్రాణానికేం భయం లేదు కదండీ?" గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా ఆపరేషన్‌కు ముందు ప్రతి కుటుంబమూ అడిగే ప్రశ్న ఇది. గర్భసంచి క్యాన్సర్ విషయంలో దీనికి వచ్చే జవాబు సాధారణంగా ధైర్యం చెప్పేదిగానే ఉంటుంది: "నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా క్షేమంగా ఇంటికెళతారమ్మా." ఈ జవాబులో అబద్ధం లేదు. మరణాల నమోదు పక్కాగా ఉన్న దేశాల పెద్ద రికార్డులు చూస్తే, ఈ ఆపరేషన్ జరిగిన ముప్పై రోజుల్లో చనిపోయేవారు మొత్తం మీద నూటికి ఒకరి కంటే తక్కువే. అయితే ఆ సంఖ్య ఎవరిని లెక్కలోకి తీసుకుంది, ఎన్నాళ్ల వరకు చూసింది, ఇంటికి వెళ్లాక జరిగినది దాని దాకా చేరిందా లేదా అన్నవి తెలియకుండా దాన్ని మన అమ్మకో అత్తగారికో వర్తింపజేసుకోవడం కష్టం. ఒకే ఆసుపత్రిలో ఒకే ఏడాది జరిగిన ఆపరేషన్లకు మూడు వేర్వేరు మరణాల రేట్లు రావచ్చు, ఆ మూడూ నిజమే కావచ్చు.

ఏ జబ్బు, ఏ ఆపరేషన్

గర్భసంచి లోపలి గోడకు అంటి ఉండే పొరను ఎండోమెట్రియం అంటారు. నెలసరిలో ఊడి బయటకు వచ్చేది ఈ పొరే. ఈ వ్యాసంలో గర్భసంచి క్యాన్సర్ అంటే ఈ పొరలో పుట్టే క్యాన్సర్ అని అర్థం. గర్భాశయ ముఖద్వారంలో హెచ్‌పీవీ వైరస్ కారణంగా వచ్చే సర్వైకల్ క్యాన్సర్ వేరు. మన దేశంలో ఎక్కువగా కనిపించేది అదే కాబట్టి ఇళ్లలో రెంటినీ కలిపే మాట్లాడుకుంటారు. వైద్యం దగ్గరకు వచ్చేసరికి ఈ తేడా చాలా పెద్దది. ముఖద్వార క్యాన్సర్‌కు కీహోల్ పద్ధతిలో, అంటే పెద్ద కోత లేకుండా పొట్ట మీద చిన్న రంధ్రాల గుండా, ఆపరేషన్ చేయించుకున్నవారిలో జబ్బు తిరగబెట్టడం, మరణాలు ఎక్కువగా ఉన్నాయని 2018లో ఒక పెద్ద అంతర్జాతీయ పరీక్ష తేల్చింది. గర్భసంచి పొర క్యాన్సర్‌లో అలాంటి నష్టం కనిపించలేదు. ఒకదాని అంకెను తెచ్చి రెండోదానికి అతికిస్తే తప్పుడు భయమో తప్పుడు ధైర్యమో మిగులుతుంది.

ప్రపంచం మొత్తం మీద 2022లో గర్భసంచి క్యాన్సర్ కొత్తగా బయటపడిన మహిళలు సుమారు 4,20,000 మంది, దానివల్ల చనిపోయినవారు 97,000 పైచిలుకు. ఎక్కువగా ఇది నెలసరి ఆగిపోయిన తర్వాత వచ్చే జబ్బు. ఆగిపోయిన రక్తస్రావం మళ్లీ కనిపించడమే దీని ప్రధాన లక్షణం. నెలసరి ఆగిన వయసులో ఈ క్యాన్సర్ వచ్చినవారిలో పదింట తొమ్మిది మందికి ఆ లక్షణం ఉంటుంది. అలాగని ఆ వయసులో రక్తస్రావం కనిపించిన ప్రతివారికీ క్యాన్సర్ ఉన్నట్టు కాదు, అటువంటి వందమందిలో తొమ్మిది మందికి మాత్రమే ఉంటుంది. జబ్బు తన రాకను ఇలా ముందే తెలియజేస్తుంది కాబట్టి చాలామందిలో అది గర్భసంచి దాటకముందే దొరుకుతుంది, అప్పుడు ఆపరేషన్ ఒక్కటే జబ్బును పూర్తిగా నయం చేయవచ్చు.

ఈ జబ్బుకు దారితీసే కారణాలలో అధిక బరువు ముఖ్యమైనది. అండాశయాలు విశ్రమించాక కూడా ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను తయారుచేస్తూనే ఉంటుంది, ఆ హార్మోన్ గర్భసంచి పొరను పెంచుతూ పోతుంది. షుగర్ జబ్బుకూ దీనికీ సంబంధం ఉంది. ఫలితంగా ఆపరేషన్ బల్ల మీదకు వచ్చే స్త్రీ చాలాసార్లు అరవై దాటిన మనిషి, భారీకాయం, షుగర్, బీపీ ఉన్న మనిషి. ఏ కారణాలు క్యాన్సర్‌ను తెచ్చాయో అవే మత్తును, గుండెను, గాయం మానడాన్ని కష్టతరం చేస్తాయి. ఈ జబ్బు ఆపరేషన్‌లో ఉన్న ప్రత్యేకమైన చిక్కు ఇదే.

మన రాష్ట్రంలో గర్భసంచి తీయించుకోవడం అపరిచితమైన విషయం కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దేశవ్యాప్తంగా 3.2 శాతం మందికి ఈ ఆపరేషన్ జరిగి ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం. అందువల్ల "మా పక్కింటావిడకు నాలుగో రోజుకే ఇంటికి పంపించేశారు" అన్న పోలిక సహజంగానే వస్తుంది. కానీ ఆ పక్కింటావిడ ఫైబ్రాయిడ్ గడ్డలకో అధిక రక్తస్రావానికో నలభై ఏళ్ల వయసులో ఆపరేషన్ చేయించుకున్న మనిషి అయి ఉంటుంది. క్యాన్సర్ ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు ముఖద్వారం, ఫాలోపియన్ నాళాలు, సాధారణంగా రెండు అండాశయాలు తీస్తారు. జబ్బు తీరును బట్టి కటి భాగంలోని లింఫ్ గ్రంథులను కూడా పరీక్షకు పంపుతారు. మనిషి వేరు, ఆపరేషన్ వేరు.

ముప్పై రోజులు అంటే ఎప్పటి నుంచి ఎప్పటి దాకా

మరణాల రేటు ఒక భిన్నం. పైన లవంలో చనిపోయినవారి సంఖ్య, కింద హారంలో ఆపరేషన్ చేయించుకున్నవారి సంఖ్య. ఇంత సులువైన లెక్కలో కూడా ఎంత పెద్ద పొరపాటు జరగగలదో చెప్పడానికి ఇంగ్లండ్‌లో 1860లలో జరిగిన వివాదం ఒకటి చాలు. గణాంక నిపుణుడు విలియం ఫార్ తయారుచేసిన లెక్కలను ఆధారం చేసుకుని ఫ్లోరెన్స్ నైటింగేల్ ప్రచురించిన ఒక పట్టికలో 24 లండన్ ఆసుపత్రుల మరణాల రేటు 90 శాతానికి పైగా ఉన్నట్టు కనిపించింది. నిజానికి ఆ ఆసుపత్రులలో చేరిన ప్రతి పదిమందిలో తొమ్మిది మంది చనిపోలేదు. లవంలో 1861 ఏడాది పొడవునా జరిగిన మరణాలు ఉన్నాయి, హారంలో ఆ ఏడాదిలో ఒకే ఒక్క రోజున మంచాల మీద ఉన్న రోగుల సంఖ్య ఉంది. అంకెలు సరైనవే అయినా, కలిపిన తీరు ఘోరమైన ఫలితాన్ని ఇచ్చింది.

మన విషయానికి వస్తే మూడు కొలతలు వాడుకలో ఉన్నాయి. ఆసుపత్రిలో ఉండగా జరిగిన మరణాలు ఒకటి. ఆపరేషన్ రోజు నుంచి ముప్పై రోజుల్లోపు, ఆసుపత్రిలోనైనా ఇంట్లోనైనా, ఏ కారణంతోనైనా జరిగిన మరణాలు రెండు. అదే లెక్కను తొంభై రోజులకు పొడిగించడం మూడు.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక ఆసుపత్రిలో కొన్నేళ్లలో వెయ్యిమందికి ఈ ఆపరేషన్ చేశారనుకుందాం. వారిలో నలుగురు ఆసుపత్రిలోనే చనిపోయారు. ముగ్గురు మొదటి నెలలోపు, ఒకరు ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉండి 38వ రోజున. ఇంటికి వెళ్లాక ముప్పై రోజుల్లోపు మరో ముగ్గురు, 31 నుంచి 90 రోజుల మధ్య మరో నలుగురు చనిపోయారు. ఆసుపత్రి మరణాల రేటు 0.4 శాతం. ముప్పై రోజుల రేటులో 38వ రోజు మరణం రాదు, ఇంటి దగ్గర పోయిన ముగ్గురూ వస్తారు, కాబట్టి అది 0.6 శాతం. తొంభై రోజుల రేటు 1.1 శాతం. చివరిది మొదటిదానికి రెండున్నర రెట్లకు పైనే, చికిత్సలో మాత్రం ఇసుమంత తేడా లేదు.

ఏ కొలత మంచిదన్న దాని మీద వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. ముప్పై రోజులను సమర్థించేవారు, ఆపరేషన్‌కు దగ్గరగా జరిగిన మరణానికే ఆపరేషన్‌తో సంబంధం స్పష్టంగా ఉంటుందనీ, అంతకు మించి జరిపితే కీమోథెరపీ దుష్ఫలితాలు, ముదిరిన జబ్బు అందులో కలిసిపోతాయనీ అంటారు. తొంభై రోజులను కోరేవారు, నేటి ఐసీయూలు కోలుకోలేని మనిషిని కూడా నెలకు పైగా నిలబెట్టగలవనీ, ఆ మరణాలను వదిలేస్తే ఆపరేషన్ అసలు మూల్యం కనిపించదనీ అంటారు. ఇంగ్లండ్‌లో పేగు క్యాన్సర్ ఆపరేషన్ల జాతీయ సమీక్ష తొంభై రోజుల కొలతనే ఎంచుకుంది. తొలిదశలో దొరికిన గర్భసంచి క్యాన్సర్‌కు ముప్పై రోజుల కొలత చాలావరకు న్యాయం చేస్తుందనీ, జబ్బు పొట్టలోకి పాకినవారికి జరిగే పెద్ద ఆపరేషన్లకు మాత్రం తొంభై రోజులు చూడక తప్పదనీ నాకు అనిపిస్తుంది.

ప్రాణం పోవడానికి కారణాలు, అవి వచ్చే వేళలు

ఆపరేషన్ బల్ల మీదే చనిపోవడం ఈ రోజుల్లో చాలా అరుదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో ప్రధానంగా భయపడేది లోపలి రక్తస్రావం, గుండె తట్టుకోలేకపోవడం. తర్వాతి వారంలో ఊపిరితిత్తుల్లో నిమ్ము, ఇన్ఫెక్షన్, తెలియకుండా పేగుకు తగిలిన గాయం. ఈ చివరిది ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. కీహోల్ ఆపరేషన్‌లో వేడి తగిలి కమిలిన పేగు వెంటనే చిల్లుపడదు, కొన్ని రోజులు ఆగి పడుతుంది. రెండో రోజే ఇంటికి వెళ్లిన మనిషికి నాలుగైదు రోజులకు కడుపు ఉబ్బి, నొప్పి, జ్వరం మొదలవుతాయి. "ఆపరేషన్ అయిన ఒళ్లు, నొప్పి ఉండదా" అని ఇంట్లో సర్దిచెప్పుకునే కాలం కూడా సరిగ్గా అదే.

రెండో వారం నుంచి నెల చివరిదాకా, ఆ తర్వాత కూడా కొంతకాలం, పొంచి ఉండేది రక్తపు గడ్డ. క్యాన్సర్ రక్తాన్ని త్వరగా గడ్డకట్టేలా చేస్తుంది. కటిభాగంలో ఆపరేషన్ అక్కడి సిరలను నలుపుతుంది. కదలక పడుకోవడం వల్ల కాళ్లలో రక్తం నెమ్మదిస్తుంది. ఈ మూడూ కలిసినప్పుడు పిక్కలోనో తొడలోనో సిరలో గడ్డ కట్టి, ఒక ముక్క తెగి గుండె మీదుగా ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడితే మనిషి నిమిషాల్లో కుప్పకూలవచ్చు.

ఇటలీలో 2,373 మంది క్యాన్సర్ ఆపరేషన్ రోగులను నెల దాటేవరకు వెంబడించి చూసి, 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ముప్పై రోజుల మరణాలు సుమారు 1.7 శాతం. ఆ మరణాలలో 46 శాతానికి ఈ గడ్డలే కారణమని తేలింది. గడ్డ సంబంధిత ఘటనల్లో 40 శాతం ఆపరేషన్ జరిగి 21 రోజులు దాటాకే జరిగాయి. అందులో గర్భసంచి క్యాన్సర్ ఒక్కటే కాదు, పొట్ట, మూత్రకోశ సంబంధ క్యాన్సర్లు కూడా ఉన్నాయి. అయినా ఆ 21 రోజుల సంగతి మన ప్రాంతానికి చాలా ముఖ్యం: మూడు వారాలు దాటిన మనిషి ఎక్కడుంటుంది? తెనాలిలోనో, మాచర్లలోనో, నూజివీడు దగ్గర పల్లెలోనో తన ఇంట్లో ఉంటుంది.

ఈ ప్రమాదాన్ని తగ్గించడానికే హెపారిన్ జాతి మందును పొట్ట చర్మం కింద రోజూ ఇంజక్షన్‌గా ఇస్తారు. పొట్ట, కటి భాగపు క్యాన్సర్ ఆపరేషన్ల తర్వాత దాన్ని వారం రోజులతో ఆపకుండా నాలుగు వారాలు కొనసాగిస్తే, సిరల ప్రత్యేక ఎక్స్‌రేల్లో కనిపించే గడ్డలు 12 శాతం నుంచి సుమారు 5 శాతానికి తగ్గాయని 2002లో వెలువడిన ఒక పరీక్ష చూపింది. అయితే అవన్నీ మనిషికి తెలిసేంత గడ్డలు కావు. పైగా ఆ పరీక్ష కోత పెట్టి చేసే ఆపరేషన్ల మీద జరిగింది. కీహోల్ పద్ధతిలో, రెండో రోజే నడిచే స్త్రీకి గడ్డ ప్రమాదం చాలా తక్కువ కాబట్టి అందరికీ నాలుగు వారాలు అవసరమా అన్న చర్చ నిపుణుల్లో ఇంకా నడుస్తోంది. మందు ఖర్చు, రక్తస్రావ భయం ఒకవైపు, అరుదైనా ప్రాణాంతకమైన ఘటన మరోవైపు.

కోత పెద్దదా, రంధ్రాలా

దీని మీద ఉన్న ఆధారం గట్టిది. అమెరికాలో 2,616 మంది మీద జరిగి 2009లో ప్రచురితమైన పరీక్షలో, కోత పెట్టినవారిలో 21 శాతం మందికి, కీహోల్ పద్ధతిలో 14 శాతం మందికి ఆపరేషన్ తర్వాత చెప్పుకోదగ్గ సమస్యలు వచ్చాయి. రెండు రోజులకు మించి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చినవారు 94 శాతం, 52 శాతం. ఐదేళ్ల తర్వాత బతికున్నవారు రెండు వర్గాల్లోనూ దాదాపు 90 శాతమే, అంటే క్యాన్సర్ విషయంలో నష్టం లేదు. కానీ కీహోల్‌గా మొదలుపెట్టిన ప్రతి నాలుగింటిలో ఒకటి మధ్యలో కోతకు మార్చవలసి వచ్చింది. లావు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరిగింది. కీహోల్‌లో తలభాగం కిందికి వంచి, పొట్టలోకి గ్యాస్ నింపుతారు, భారీకాయుల ఊపిరితిత్తులకు అది కష్టం. అయితే కోత పెడితే గాయం చీము పట్టే ప్రమాదం కూడా వారికే ఎక్కువ. కాబట్టి కీహోల్ వల్ల ఎక్కువ మేలు ఎవరికో, దాన్ని పూర్తిచేయడం కష్టమయ్యేదీ వారికే.

రెండు ఆసుపత్రులు, ఒక తప్పుడు పోలిక

మరణాల రేటును చూసి ఆసుపత్రిని ఎంచుకోవాలనుకునేవారు తరచుగా పడే చిక్కు ఇక్కడే. ఊహకు రెండు ఆసుపత్రులను తీసుకుందాం. మొదటిదానిలో వెయ్యి ఆపరేషన్లకు 6 మరణాలు, రేటు 0.6 శాతం. రెండోదానిలో వెయ్యికి 16, రేటు 1.6 శాతం. ఏది నయం అంటే ఎవరైనా మొదటిదే అంటారు.

ఇప్పుడు రోగులను చూద్దాం. తక్కువ ప్రమాదం ఉన్నవారిలో, అంటే యాభైల వయసు, తొలిదశ జబ్బు, ఇతర జబ్బులు లేనివారిలో, మరణాలు సాధారణంగా వెయ్యికి 3 అనుకుందాం. ఎక్కువ ప్రమాదం ఉన్నవారిలో, అంటే డెబ్బై దాటిన వయసు, గుండె జబ్బు, అదుపులేని షుగర్, పాకిన జబ్బు ఉన్నవారిలో, వందకు 3 అనుకుందాం. మొదటి ఆసుపత్రిలో 900 మంది తక్కువ ప్రమాదం వారు, 100 మంది ఎక్కువ ప్రమాదం వారు. అక్కడ జరగవచ్చని అంచనా వేయగల మరణాలు 2.7, 3 కలిపి 5.7. జరిగినవి 6, అంటే అంచనాకు కాస్త పైన. రెండో ఆసుపత్రిలో 400 మంది తక్కువ ప్రమాదం వారు, 600 మంది ఎక్కువ ప్రమాదం వారు. అంచనా 1.2, 18 కలిపి 19.2. జరిగినవి 16, అంచనా కంటే తక్కువ. పైపైన చూస్తే దారుణంగా కనిపించిన రెండో ఆసుపత్రే తనకు వచ్చిన మనుషులకు మెరుగైన ఫలితం ఇచ్చింది.

రోగుల స్థితిని బట్టి సర్దిన రేటు అంటే ఇదే. అన్ని చోట్ల నుంచీ క్లిష్టమైన కేసులు వచ్చి చేరే గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల వంటి చోట్లనూ, కేసును చూసి చేర్చుకోగల చిన్న నర్సింగ్‌హోమ్‌నూ పచ్చి అంకెలతో పక్కపక్కన పెట్టడం అన్యాయం. అయితే ఈ సర్దుబాటు కూడా నమోదైన విషయాలనే సర్దగలదు. షుగర్ ఉందని రాసి ఉంటే లెక్కకు తెలుస్తుంది; ఆరు నెలలుగా సరైన తిండి లేక మనిషి ఎంత నీరసించిందో కేస్‌షీట్‌లో ఎవరూ రాయకపోతే ఏ సూత్రమూ దాన్ని పట్టుకోలేదు.

"మా దగ్గర ఒక్క మరణమూ లేదు" అన్న మాట

ఏడాదికి నలభై ఆపరేషన్లు చేసే చోట అసలు ప్రమాదం ఒక శాతం అనుకుందాం. సంభావ్యత లెక్క ప్రకారం ప్రతి మూడేళ్లలో రెండేళ్లు అక్కడ ఒక్క మరణమూ జరగదు. దాదాపు నాలుగేళ్లకోసారి ఒక మరణం జరిగి ఆ ఏడాది రేటు ఒక్కసారిగా 2.5 శాతానికి ఎగబాకుతుంది. ఏ పదహారేళ్లకో ఒకసారి రెండో అంతకన్నా ఎక్కువో జరిగి 5 శాతమో అంతకు పైనో అవుతుంది. ఆపరేషన్ చేసే చేయి ఏమీ మారలేదు, అదృష్టం మాత్రమే మారింది. ఇప్పుడు అసలు ప్రమాదం రెండు శాతం ఉన్న మరో చోటు తీసుకుంటే, అక్కడ కూడా నలభై ఆపరేషన్లలో ఒక్క మరణమూ జరగని అవకాశం 45 శాతం దాకా ఉంది. కాబట్టి నలభైకి సున్నా అన్నది నిజమే అయినా, దాని వెనుక ఉన్న ప్రమాదం ఏడున్నర శాతం వరకు ఎంతైనా కావచ్చునని గణాంకవేత్తలు అంటారు. ఈ హద్దు కనుక్కోవడానికి వారు వాడే సూత్రం సులువైనది: ఏ ఘటనా జరగనప్పుడు మూడును మొత్తం సంఖ్యతో భాగించాలి.

అరుదైన ఘటనలను కొలిచే చోట చిన్న సంఖ్యలు ఇలాగే ఊగిసలాడతాయి. ఒక సర్జన్‌ను ఒక ఏడాది అంకెతో తూచడం ఎందుకు కుదరదో దీన్నిబట్టి తెలుస్తుంది.

సమస్య రావడం వేరు, దాన్నుంచి గట్టెక్కించడం వేరు

ఆసుపత్రుల మధ్య తేడా ఎక్కడ పుడుతుందన్న ప్రశ్నకు 2009లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ఊహించని జవాబు ఇచ్చింది. మరణాలు అతి తక్కువగా ఉన్న ఆసుపత్రులలో ఆపరేషన్ రోగులకు సమస్యలు 24.6 శాతం, అతి ఎక్కువగా ఉన్నవాటిలో 26.9 శాతం. అంటే సమస్యలు దాదాపు సమానం. కానీ మరణాలు 3.5 శాతం, 6.9 శాతం. పెద్ద సమస్య వచ్చినవారిలో చనిపోయినవారు మొదటి రకంలో 12.5 శాతం, రెండో రకంలో 21.4 శాతం. ఇవి అన్ని రకాల పెద్ద ఆపరేషన్లకు సంబంధించినవి, అందుకే అంకెలు మన జబ్బు కంటే పెద్దవి. అయినా చెప్పే విషయం దీనికీ వర్తిస్తుంది. రాత్రి రెండు గంటలకు నాడి వేగం పెరిగిందని ఎవరు గమనించారు, డ్యూటీ డాక్టరు ఎంతసేపట్లో వచ్చారు, రక్తం ఉందా, సీటీ స్కాన్ ఆ వేళకు తీస్తారా, ఐసీయూలో మంచం ఉందా అన్నవి సర్జన్ పేరుప్రతిష్ఠల కంటే తక్కువ ముఖ్యమైనవి కావు. ఇళ్లలో మనం అడిగే మొదటి ప్రశ్న మాత్రం "ఆపరేషన్ ఎవరు చేస్తారు" అన్నదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆపరేషన్ చెక్‌లిస్టును న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో వాడి చూసినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని అదే ఏడాది ప్రచురించారు. చెక్‌లిస్టు ముందు, తర్వాత అని పోల్చిన అధ్యయనం కాబట్టి తగ్గుదల అంతా దాని ఘనతే అనడానికి లేదని విమర్శకులు అంటారు, అది సబబైన అభ్యంతరమే.

లెక్క ఎక్కడ తెగిపోతుంది

ముప్పై రోజుల రేటు రావాలంటే ముప్పయ్యో రోజున ప్రతి స్త్రీ బతికి ఉందో లేదో ఎవరికో ఒకరికి తెలియాలి. ఇంగ్లండ్ వంటి దేశాల్లో ఆసుపత్రి రికార్డులను దేశ మరణాల నమోదుతో ముడిపెడతారు, కాబట్టి మనిషి ఎక్కడ చనిపోయినా లెక్కలోకి వస్తుంది.

మన దగ్గర ఆసుపత్రి నుంచి మనిషితో పాటు వచ్చేది డిశ్చార్జి సమ్మరీ. ప్లాస్టిక్ కవరులో స్కానింగు ఫిల్ములు, బయాప్సీ రిపోర్టుతో పాటు మడతపెట్టి ఉండే ఆ కాగితంలో ఆపరేషన్ పేరు, వాడవలసిన మందులు, కుట్లు విప్పే తేదీ, ఏడో రోజునో పదో రోజునో మళ్లీ రమ్మన్న మాట, ఇంటికి పంపేటప్పుడు పరిస్థితి నిలకడగా ఉందన్న వాక్యం ఉంటాయి. అంతా ఇంగ్లీషులో ఉండే ఆ కాగితాన్ని ఊళ్లో ఆర్‌ఎంపీకి చూపించి, పొట్ట ఇంజక్షన్లు ఆయనతోనే చేయించుకుంటారు. ఆపరేషన్ అయిన మనిషిని ప్రేమకొద్దీ మంచం దిగనివ్వరు. కాలు వాస్తే నీరు పట్టిందనుకుంటారు. ఇరవై నాలుగో రోజున ఆయాసం వచ్చి పడిపోతే, ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోతే, "గుండెపోటు" అంటారు. పోస్ట్‌మార్టం ఉండదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోపు మరణాన్ని నమోదు చేయించాలి, చేయిస్తారు కూడా. కానీ ఆ నమోదులో నాలుగు వారాల కిందట గుంటూరులో జరిగిన ఆపరేషన్ ఊసు ఉండదు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో ఆమె రివ్యూకు రాని రోగి మాత్రమే.

ఇది రేటును ఎంత మార్చగలదో ఇందాకటి వెయ్యిమంది లెక్కలోనే చూడవచ్చు. ముప్పై రోజుల్లో తెలిసిన మరణాలు 6. కానీ వంద మంది ఆచూకీ దొరకలేదనుకుందాం. వారంతా బతికే ఉన్నారనుకుంటే రేటు 0.6 శాతం. వారిని లెక్క నుంచే తీసేస్తే 900 మందికి 6, అంటే 0.67 శాతం. చనిపోయినవారే తిరిగి రాలేకపోయే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ వందలో నలుగురు పోయారనుకుంటే పదిమందితో 1 శాతం. ఏది నిజమో ఆసుపత్రి నిజాయితీ తేల్చలేదు. ముప్పయ్యో రోజున ఒక ఫోన్ కాల్ తేలుస్తుంది.

సాధనాలు లేవని కూడా అనలేం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కింద జరిగే ఆపరేషన్లు ఒకే వ్యవస్థలో నమోదవుతాయి. మరణాల నమోదు గ్రామ, వార్డు సచివాలయాల దాకా ఉంది. ఈ రెంటినీ గోప్యత కాపాడుతూ కలిపితే, గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ కేంద్రం, మంగళగిరి ఎయిమ్స్, విజయవాడలోని ప్రైవేటు ఆసుపత్రులు అన్న తేడా లేకుండా ప్రాంతం మొత్తానికి ముప్పై రోజుల రేటు కట్టవచ్చు. ఈ జబ్బు విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా కోరుకునేది ఈ ఒక్క ముడి పడటమే.

అంకెలు బయటపెట్టాలా

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం గుండె బైపాస్ ఆపరేషన్ల ఫలితాలను ఆసుపత్రుల వారీగా బయటపెట్టడం మొదలుపెట్టాక, సర్దిన మరణాల రేటు 1989లో 4.17 శాతం ఉన్నది 1992కు 2.45 శాతానికి తగ్గింది. అనుకూలురు దీన్నే చూపి, వెలుతురు పడితే లోపాలు సరిదిద్దుకుంటారని అంటారు. ప్రతికూలురు, ప్రమాదకరమైన రోగులను సర్జన్లు వద్దనడం మొదలుపెట్టారనీ, కొందరు వేరే రాష్ట్రాలకు వెళ్లవలసి వచ్చిందనీ అన్నారు; దాన్ని ఖండించిన అధ్యయనాలూ వచ్చాయి. గర్భసంచి క్యాన్సర్‌లో ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోలేం, ఎందుకంటే డెబ్బై ఐదేళ్ల, నూటపది కిలోల, షుగర్ ఉన్న స్త్రీని వద్దనుకోవడానికి కారణాలు వెతుక్కోనక్కరలేదు. నా మట్టుకు, ఆసుపత్రుల వారీగా, కొన్నేళ్లు కలిపి, సర్దిన రేట్లను బయటపెట్టడం మంచిదే. సర్జన్ల వారీగా ఏటేటా బయటపెడితే మాత్రం పైన చూసిన నలభై ఆపరేషన్ల ఊగిసలాటే జనానికి చేరుతుంది.

హారంలోకి రానివారు

ఈ రేటు కింది అంకెలో ఆపరేషన్ చేయించుకున్నవారు మాత్రమే ఉంటారు. మత్తు ఇవ్వడం కష్టమని తిప్పి పంపినవారు, ఖర్చుకు వెనుకాడి ఆగిపోయినవారు, "ఈ వయసులో కోత ఎందుకులే" అని కొడుకులు కోడళ్లు నిర్ణయించినవారు అందులో లేరు. కష్టమైనవారినందరినీ పంపించేస్తే ఏ ఆసుపత్రి రేటైనా సున్నాకు దగ్గరవుతుంది. అలా ఆపరేషన్ జరగని వారిలో కొందరికి రేడియేషన్, కొందరికి ప్రొజెస్టిరాన్ జాతి హార్మోన్ మాత్రలు, లేదా అదే హార్మోన్‌ను విడుదల చేస్తూ గర్భసంచిలో ఉండే పరికరం వాడతారు. వారిలో జబ్బు అదుపులో ఉండే కాలం మనిషిని బట్టి, జబ్బు రకాన్ని బట్టి మారుతుంది. అందుకే ఒక వృద్ధురాలి విషయంలో "ఆపరేషన్‌లో ప్రమాదం మూడు శాతం" అన్నప్పుడు, ఆ మూడును సున్నాతో పోల్చకూడదు. ఆపరేషన్ లేకపోతే ఏడాదిలో ఆమెకు ఎదురయ్యే ప్రమాదంతో పోల్చాలి. తొలిదశ క్యాన్సర్ ఉండి, గుండె ఊపిరితిత్తులు ఓపగల స్థితిలో ఉన్న స్త్రీకి ఆ రెండో ప్రమాదం మొదటిదానికంటే చాలా పెద్దది. గుండె బలహీనంగా ఉండి, నెమ్మదిగా పెరిగే రకం క్యాన్సర్ ఉన్న ఎనభై ఏళ్ల స్త్రీకి అది తలకిందులు కావచ్చు.